డబ్బా మీది అంకె, డయల్ మీది అంకె: సొంత మీటరుకు తగిన ఫిల్ము స్పీడు

నలుపు తెలుపు ఫిల్ముతో మళ్లీ పని మొదలుపెట్టినవారికి తరచుగా ఎదురయ్యే నిరాశ ఒకటుంది. డబ్బా మీద ఫిల్ము స్పీడు, అంటే వెలుగును ఎంత తేలిగ్గా పట్టుకుంటుందో చెప్పే అంకె, 400 అని అచ్చయి ఉంటుంది, కెమెరా డయల్ కూడా 400 దగ్గరే ఉంటుంది, మీటరు ముల్లు సరిగ్గా మధ్యకు వచ్చాకే షట్టరు నొక్కి ఉంటారు. అయినా రోల్‌ను డెవలప్ చేసి వెలుగుకు పట్టి చూస్తే, వేపచెట్టు కింద నిలబడిన మనిషి చొక్కా మడతలు, అరుగు కింది చీకటి, నల్లటి జుట్టు ఉండవలసిన చోట నెగెటివ్ ఏమీ పట్టనట్టు తేటగా ఉంటుంది. ప్రింటులో ఆ చోటు ఒట్టి నల్లమచ్చగా మిగిలిపోతుంది. అప్పుడు నింద ఫిల్ము మీదో, ల్యాబ్ మీదో పడుతుంది. చాలాసార్లు తప్పు ఆ రెండింటిదీ కాదు. డబ్బా మీది అంకె ఫిల్మును గురించి మాత్రమే చెబుతుంది. డయల్ మీద పెట్టే అంకె ఆ ఫిల్ముతో పాటు కెమెరా, మీటరు, డెవలపరు, కొలిచే మనిషి అలవాటు అన్నింటినీ కలిపి తేల్చుకోవలసినది.

డబ్బా మీది అంకె ఎలా పుడుతుందో ముందుగా చూడాలి. నలుపు తెలుపు నెగెటివ్ ఫిల్ముల స్పీడును కొలిచే ప్రస్తుత ప్రమాణం 1993 నాటి ఐఎస్ఓ 6. దాని ప్రకారం ప్రయోగశాలలో ఫిల్ము మీద మెట్లుమెట్లుగా, కచ్చితంగా తెలిసిన మోతాదుల్లో వెలుగు పడనిస్తారు. వెలుగు తగలని ఫిల్ముకు కూడా సహజంగా కొంత మసక ఉంటుంది, దానికంటే 0.10 సాంద్రత (నెగెటివ్ నల్లదనపు కొలత) ఎక్కువగా ఎక్కడ ఏర్పడుతుందో ఆ చోటును స్పీడు బిందువుగా తీసుకుంటారు. అక్కడి నుంచి వెలుగును 20 రెట్లు పెంచినప్పుడు సాంద్రత మరో 0.80 పెరిగేలా డెవలప్ చేసి ఉండాలన్నది షరతు. స్పీడు బిందువు దగ్గర పడిన వెలుగును లక్స్ సెకన్లలో కొలిచి, 0.8ని దానితో భాగిస్తే వచ్చేదే ఐఎస్ఓ అంకె. 400 ఫిల్ముకు ఆ వెలుగు 0.002 లక్స్ సెకన్లన్నమాట. ఈ లెక్కలో లెన్సు లేదు, కెమెరా షట్టరు లేదు, మీటరు లేదు, మనిషి చూపు లేదు. డెవలపరు ఏదన్నది కూడా తయారీదారు ఎంచుకుని చెప్పేదే తప్ప ప్రమాణం విధించేది కాదు.

ఈ అంకెలు ఫిల్ము రసాయనంలోంచి తమంతట తాము పుట్టుకొచ్చేవి కావనడానికి చరిత్రలోనే మంచి ఉదాహరణ ఉంది. అమెరికా ప్రమాణం అమల్లో ఉన్న తొలి దశాబ్దాల్లో, కొలిచే మనిషి పొరపాటు పడినా నీడలు దెబ్బతినకూడదని స్పీడు లెక్కలోనే కొంత భద్రతా గుణకాన్ని కలిపి ఉంచారు. 1960లో ఆ గుణకాన్ని దాదాపుగా తీసేశారు. దాంతో ఎమల్షన్ (ఫిల్ము మీది వెలుగు పట్టే పూత) అదే ఉండగానే నలుపు తెలుపు నెగెటివ్ ఫిల్ముల అంకెలు సుమారు రెట్టింపయ్యాయి. అంతకుముందు 200గా ఉన్న కొడాక్ ట్రై-ఎక్స్ ఆ తరువాత 400 అయింది. ఇవాళ అదే ఫిల్మును 200 దగ్గర పెట్టి తీసేవారు తెలిసో తెలియకో 1960కి ముందటి పద్ధతికి తిరిగి వెళుతున్నారనుకోవచ్చు. దీనికి విరుద్ధమైన ఉదాహరణ ఇల్‌ఫోర్డ్ డెల్టా 3200. పేరులో 3200 ఉన్నా దాని ఐఎస్ఓ స్పీడు 1000 అని తయారీదారే పత్రంలో రాశారు. 3200 అనేది డెవలపింగ్ పెంచి వాడుకోవడానికి సూచించిన అంకె మాత్రమే. సినిమా ఫిల్ముల విషయంలో కొడాక్ జాగ్రత్తపడి, ఐఎస్ఓ అనకుండా ఎక్స్‌పోజర్ ఇండెక్స్ అనే మాట వాడుతుంది. డయల్ మీద పెట్టుకునే అంకెకు నిజానికి తగిన పేరు అదే.

ఇక పరీక్ష విషయానికి వద్దాం. సొంత స్పీడు కనుక్కునే పద్ధతుల్లో ఎక్కువమంది అనుసరించేది అమెరికా ఫోటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ రూపొందించిన జోన్ పద్ధతి నుంచి వచ్చింది. అందులో నలుపు నుంచి తెలుపు దాకా ఉన్న ఛాయలను జోన్లనే మెట్లుగా విడదీస్తారు. ఏదైనా ఒక సమతలాన్ని మీటరుతో కొలిస్తే, మీటరు దాన్ని మధ్యస్థమైన బూడిదరంగుగా, అంటే జోన్ 5గా చూపించే ఎక్స్‌పోజరు చెబుతుంది. అంతకంటే నాలుగు స్టాపులు (ఒక స్టాపు అంటే వెలుగు సగమవడం లేదా రెట్టింపవడం) తక్కువ ఇస్తే అది జోన్ 1 అవుతుంది. నల్లదనానికి ఒక మెట్టు పైన, ఏదో ఉందని మాత్రమే తెలిసే చోటు. ఆ జోన్ 1 ఫ్రేములో సహజమైన మసక కంటే 0.10 సాంద్రత ఎక్కువగా వచ్చే అంకె ఏదో, అదే మన స్పీడు.

ఇందుకు 18 శాతం బూడిదరంగు కార్డు తప్పనిసరి అని చాలాచోట్ల రాస్తారు. తెల్లసున్నం వేసిన గోడ అయినా ఇదే ఫలితం ఇస్తుంది, ఎందుకంటే మీటరు దేన్ని చూసినా మధ్యస్థంగానే మలుస్తుంది, మనం దిగేది అక్కడి నుంచి నాలుగు స్టాపులు. కావలసింది కార్డు కాదు, గోడ మీద ఎక్కడ చూసినా ఒకేలా ఉండే, పరీక్ష జరిగినంతసేపూ మారని వెలుగు. అది పగటి వెలుగే అయి ఉండాలి. బల్బు వెలుగులో ఎరుపు ఎక్కువ. మీటర్లలోని కాడ్మియం సల్ఫైడ్, సిలికాన్ సెల్స్ ఎరుపును చూసినంతగా నలుపు తెలుపు ఫిల్ము చూడదు కాబట్టి, బల్బు కింద చేసిన పరీక్ష ఫిల్మును ఉన్నదానికంటే నెమ్మదైనదిగా చూపిస్తుంది.

చోటు ఎంపికలో ఒక చిక్కు ఉంది, దీన్ని ముందే ఆలోచించకపోతే రోల్ సగం వృథా అవుతుంది. బయట, ఆరుబయలు నీడలో 400 ఫిల్ముకు మీటరు 1/60 సెకను, ఎఫ్/16 దగ్గర చూపించే అవకాశం ఉంది (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ అపెర్చరు, అంటే లెన్సు కన్నం, చిన్నదవుతుంది). అక్కడి నుంచి నాలుగు స్టాపులు దిగాలంటే 1/1000 సెకను వాడాలి. పాత కెమెరాల్లో నమ్మకం తక్కువగా ఉండేది సరిగ్గా ఆ వేగం మీదే. అందువల్ల కిటికీకి దూరంగా ఉన్న గదిగోడో, లోపలి వరండా గోడో ఎంచుకుని, 1/60 సెకను దగ్గర మీటరు ఎఫ్/4 చూపించేలా చూసుకోవడం మేలు. అప్పుడు షట్టరును ముట్టుకోకుండా, అపెర్చరును మాత్రమే మారుస్తూ పరీక్ష అంతా చేయవచ్చు. డయల్ 400 దగ్గరే ఉంచి, ఎఫ్/4 నుంచి నాలుగు స్టాపులు దిగి ఎఫ్/16 దగ్గర తీసిన ఫ్రేము 400కు జోన్ 1 అవుతుంది. ఎఫ్/11 దగ్గర తీసినది 200కు, ఎఫ్/8 దగ్గర తీసినది 100కు జోన్ 1. క్లిక్కుల నడుమ సగం స్టాపులు కూడా ఉంటే 280, 140 కూడా దొరుకుతాయి. లెన్సులో ఎఫ్/22 ఉంటే 800ను కూడా తీసి ఉంచడం మంచిది, ఎటువైపు ఎంత దూరంలో ఉన్నామో తెలుస్తుంది. వరుస మధ్యలో లెన్సుకు మూత పెట్టి ఒక ఫ్రేము కొట్టాలి. పోలికకు అదే ఆధారం.

గోడ ఫ్రేమును పూర్తిగా నింపాలి, ఫోటో తీసేవారి నీడ దాని మీద పడకూడదు. ఫోకస్ అనంతం దగ్గర పెట్టాలి. గోడ గరుకుతనం మసకబారడం ఒక ప్రయోజనమైతే, దగ్గరి ఫోకస్‌లో లెన్సు ముందుకు జరిగి వెలుగు తగ్గే ఇబ్బంది తప్పడం మరొకటి. అపెర్చరు, షట్టరు చేత్తోనే పెట్టుకునే ముల్లు కెమెరాల్లో స్పీడు డయల్‌ను తిప్పితే మీటరు చెప్పే మాట మాత్రమే మారుతుంది, ఫిల్ముకు అందే వెలుగు మారదు అన్న సంగతి కొత్తవారు ఒక్కోసారి మరిచిపోతారు. ఫిల్ముకు తెలిసేది అపెర్చరు, షట్టరు మాత్రమే.

తరువాత ఆ రోల్‌ను ఎప్పుడూ వాడే డెవలపరులో, ఎప్పటిలాగే డెవలప్ చేయాలి. ఉదాహరణకు ఇల్‌ఫోర్డ్ వారి 400 ఫిల్ము హెచ్‌పీ5 ప్లస్‌ను ఐడి-11 డెవలపరులో ఒకటికి ఒకటి నీళ్లు కలిపి 20 డిగ్రీల దగ్గర వాడితే ఇల్‌ఫోర్డ్ చెప్పే సమయం 13 నిమిషాలు. ఈ 20 డిగ్రీలన్నది యూరప్ కుళాయి నీళ్లకు సులువేమో గానీ, కోస్తాలోనో తెలంగాణలోనో వేసవిలో ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు 30 దాటే ఉంటాయి. నాలుగు డిగ్రీలు పెరిగితేనే సమయాన్ని సుమారు మూడో వంతు తగ్గించాల్సి వస్తుంది. ఐసు ముక్కలు వేసిన తొట్టెలో ట్యాంకు నిలిపి 20కి తెచ్చుకోవడమా, 24 దగ్గర స్థిరపడి ఏడాది పొడవునా దాన్నే పాటించడమా అన్నది ఎవరి వీలు వారిది. ఏదో ఒకటి పట్టుకోవాలి. వారానికొక ఉష్ణోగ్రత దగ్గర డెవలప్ చేసేవారికి సొంత స్పీడు అనే మాటకే అర్థం లేదు.

ఆరిన నెగెటివ్‌ను చదవడానికి సాంద్రతను కొలిచే డెన్సిటోమీటరు ఉంటే సరే. లేకపోయినా పని ఆగదు. సాంద్రత 0.30 పెరిగితే దాటివచ్చే వెలుగు సగం అవుతుంది, అంటే ఒక స్టాపు, 0.10 అంటే స్టాపులో మూడో వంతు. కాబట్టి లైట్‌బాక్సు మీద నెగెటివ్ పరిచి, డిజిటల్ కెమెరా స్పాట్ మీటరుతో ముందు మూత ఫ్రేమునూ, తరువాత ఒక్కొక్క పరీక్ష ఫ్రేమునూ కొలుచుకుంటూ పోతే, మూడో వంతు స్టాపు తేడా ఎక్కడ కనిపిస్తుందో అదే కావలసిన ఫ్రేము. చుట్టూ ఉన్న ఖాళీ వెలుగు లెన్సులోకి రాకుండా నల్లకాగితంతో కప్పడం మరవకూడదు. సొంతంగా ప్రింటు చేసేవారికి ఇంతకంటే నికరమైన దారి ఉంది. మూత ఫ్రేమును ఎన్‌లార్జరు కింద పెట్టి, కాగితం పూర్తి నలుపుకు రావడానికి పట్టే అతి తక్కువ సమయం ఎంతో తేల్చుకుని, అదే సమయంతో మిగతా ఫ్రేములను ప్రింటు చేయాలి. పూర్తి నలుపు నుంచి మొదటిసారి కంటికి తేడాగా కనిపించే ఫ్రేము ఏ అంకెదో ఆ అంకెను తీసుకోవాలి. ఇందులో కాగితం, ఎన్‌లార్జరు కూడా లెక్కలోకి వస్తాయి గనుక చివరి ప్రింటుకు ఇదే దగ్గర. స్కానరు మీద ఆధారపడేవారు మాత్రం దాని ఆటోమేటిక్ సవరణలన్నీ ఆపేయాలి. లేకపోతే అది ప్రతి ఫ్రేమునూ తనకు తోచినట్టు వెలిగించి తేడాలనే చెరిపేస్తుంది.

ఇలా పరీక్షించినవారిలో ఎక్కువమందికి 400 ఫిల్ము 250 దగ్గరో 200 దగ్గరో తేలుతుంది. అది చూసి, తయారీదార్లు అంకెను పెంచి రాస్తున్నారన్న అనుమానం కలుగుతుంది. ఆ అనుమానానికి జవాబు లెక్కలోనే ఉంది. కెనాన్, నికాన్, సెకోనిక్ పాటించే 12.5 స్థిరాంకంతో (మీటరును సరిపెట్టడానికి తయారీదారు ఎంచుకునే అంకె) సరిచేసిన మీటరు, సాధారణ లెన్సు ద్వారా ఫిల్ముకు చేర్చే మధ్యస్థ ఎక్స్‌పోజరు సుమారుగా 8ని ఐఎస్ఓ అంకెతో భాగించినంత ఉంటుంది. ఐఎస్ఓ స్పీడు బిందువు 0.8ని అదే అంకెతో భాగించినంత. రెండింటికీ నడుమ తేడా పది రెట్లు, స్టాపుల్లో చెప్పాలంటే మూడూ మూడో వంతు. జోన్ పద్ధతి మాత్రం అదే 0.10 సాంద్రతను నాలుగు స్టాపుల కింద కోరుతుంది. అంటే ఫిల్ము, మీటరు, షట్టరు, డెవలపరు అన్నీ నిక్కచ్చిగా ఉన్నా సరే, ఈ పరీక్ష ఫలితం డబ్బా అంకె కంటే మూడింట రెండు వంతుల స్టాపు తక్కువగానే రావాలి. 400కు మూడింట రెండు వంతులు తగ్గితే 250. ఆ 250 ఫిల్ము లోపం కాదు. రెండు కొలమానాల మధ్య ఉన్న తేడా. తక్కువ వచ్చిందని బాధపడనక్కరలేదు, పైగా 1960లో తీసేసిన భద్రతలో కొంత మనకు తిరిగి దక్కిందనుకోవచ్చు.

ఈ లెక్క తెలిస్తే ఫలితాన్ని చదివే తీరే మారిపోతుంది. 250 వస్తే పనిముట్లన్నీ బాగున్నట్టు. 400 వస్తే ఎక్కడో ఏదో ఎక్కువ వెలుగు ఇస్తోంది, బహుశా షట్టరు నెమ్మదించింది. 125 వస్తే ఒక స్టాపు ఎక్కడో పోతోంది, దాన్ని వెతకాలి. మొదటి అనుమానం బ్యాటరీ మీదికే వెళ్లాలి. 1960లు, 70ల నాటి చాలా కెమెరాల మీటర్లను 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీకి సరిపెట్టి తయారుచేశారు. అవి ఇప్పుడు దొరకవు. వాటి స్థానంలో 1.5 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీ వేస్తే, వోల్టేజిని సర్దుకునే వలయం లేని కెమెరాల్లో మీటరు ఉన్నదానికంటే ఎక్కువ వెలుగు ఉందని భ్రమపడి ఫిల్ముకు తక్కువ ఇస్తుంది. ఈ తప్పు ఎండలో ఒకలా, గదిలో మరోలా ఉంటుంది కాబట్టి డయల్ అంకె మార్చి దీన్ని పూర్తిగా సరిదిద్దలేం. తగిన బ్యాటరీయో అడాప్టరో చూసుకోవడమే దారి. సెలీనియం సెల్ ఉన్న మీటర్లకు బ్యాటరీ బాధ లేదు గానీ, దశాబ్దాలు గడిచాక ఆ సెల్ శక్తి తగ్గవచ్చు. ఎలాంటి మీటరైనా ఒకసారి నిండు ఎండలో ఎఫ్/16 సూత్రంతో పోల్చి చూడటం ఖర్చులేని పని: మబ్బులేని మధ్యాహ్నం, 400 ఫిల్ముకు 1/500 సెకను, ఎఫ్/16కు కాస్త అటూ ఇటూ చూపించాలి. పెంటాక్స్, మినోల్టా వాడే 14 స్థిరాంకం వల్ల వచ్చే తేడా స్టాపులో ఆరో వంతే. దాని గురించి జరిగే వాదాలు దాని విలువను మించినవి.

ఇంతదాకా చెప్పుకున్నది యంత్రాల సంగతి. మనిషి అలవాటు అంతకంటే పెద్ద తేడా తెస్తుంది. వీధిలో నిలబడి ఎదురుగా ఉన్నదంతా ఆకాశంతో సహా మీటరుకు చూపిస్తే, ఆకాశపు వెలుగుకు మోసపోయి అది తక్కువ ఎక్స్‌పోజరు చెబుతుంది. అలా కొలిచేవారికి 400 ఫిల్మును 200గా పెట్టుకుంటే నెగెటివ్‌లు బాగుపడతాయి, కానీ అప్పుడు సరిదిద్దినది ఫిల్ము స్పీడును కాదు, కొలిచే తీరును. ఈ సంగతి గుర్తించకుండా ఒకరి అంకెను మరొకరు అరువు తెచ్చుకోవడం వల్ల చాలా గందరగోళం పుడుతోంది. ఒకరు నీడ భాగాన్ని కొలిచి, జోన్ పద్ధతిలో రెండు స్టాపులు తగ్గించి తీస్తారు, డయల్ 200. మరొకరు అదే నీడను కొలిచి, మీటరు చెప్పినట్టే తీసేస్తారు, డయల్ 400. డయల్ చూస్తే మొదటివారే ఎక్కువ వెలుగు ఇస్తున్నట్టు అనిపిస్తుంది. నిజానికి రెండోవారి ఫిల్ముకే ఒక స్టాపు ఎక్కువ అందుతోంది. కాబట్టి ఎలా కొలుస్తారో చెప్పకుండా చెప్పిన సొంత స్పీడు వినడానికే తప్ప వాడుకోవడానికి పనికిరాదు.

అందుకే గోడ పరీక్ష తరువాత నిజమైన దృశ్యంతో ఇంకొకటి చేయడం అవసరం. ఎండ, నీడ రెండూ ఉన్న ఒక చోట, నీడలో నల్లటి బట్ట లాంటిది ఉండేలా చూసుకుని, ఎప్పుడూ కొలిచే పద్ధతిలోనే కొలిచి 400, 250, 160, 100 దగ్గర ఒక్కొక్క ఫ్రేము తీయాలి. నీడలోని నేత కనిపించే ఫ్రేముల్లో అన్నిటికంటే తక్కువ వెలుగు అందినదాన్ని ఎంచుకోవాలి. గోడ పరీక్ష కంటే ఇక్కడ అంకె కొంచెం పైకి రావచ్చు. కారణం లెన్సులోపలి చెదురు వెలుగు. దృశ్యంలోని ఆకాశం, తెల్లగోడల వెలుగు లెన్సులో చెదిరి నీడల మీద కూడా పల్చగా పరుచుకుంటుంది. ఒకే రంగు గోడను తీసినప్పుడు ఈ అదనపు సాయం ఉండదు. పూతలు అరిగిన పాత లెన్సుల్లో ఇది మరింత ఎక్కువ. రెండు పరీక్షలు విభేదిస్తే, రోజూ తీసేది దృశ్యాలే గనుక రెండోదాని మాటే నెగ్గాలి.

స్పీడు తేలాక డెవలపింగ్ సమయాన్ని కూడా సరిచూడాలి, ఎందుకంటే నీడలను ఎక్స్‌పోజరు నిర్ణయిస్తే వెలుగు భాగాల సాంద్రతను ప్రధానంగా నిర్ణయించేది డెవలపింగే. అదే గోడను మీటరు చెప్పినదానికంటే మూడు స్టాపులు ఎక్కువగా తీస్తే జోన్ 8 వస్తుంది; అది మసక కంటే సుమారు 1.3 సాంద్రత దగ్గర ఉంటే వెలుగును చెదరగొట్టి వాడే డిఫ్యూజన్ ఎన్‌లార్జరుకు సరిపోతుంది, కటకాలతో కేంద్రీకరించే కండెన్సరు రకానికి కొంచెం తక్కువ కావాలి. సమయాన్ని బాగా తగ్గించాల్సి వస్తే స్పీడు కూడా కొంత పడుతుంది, అప్పుడు జోన్ 1 ఫ్రేమును మళ్లీ చూసుకోవాలి. డెవలపరు మార్చినా అంతే: మైక్రోఫెన్ స్పీడును నిలబెడుతుంది, పెర్సెప్టాల్ సన్నటి రేణువులకు బదులుగా స్పీడును కొంత తీసుకుంటుంది. పుష్ చేయడం, అంటే డెవలపింగ్ పెంచడం వల్ల 400 ఫిల్ము 1600 అయిపోదు. వెలుగు భాగాలు, మధ్య భాగాలు పైకి లేస్తాయి గానీ వెలుగే తగలని నీడ మాత్రం అక్కడే ఉండిపోతుంది.

రంగుల ఫిల్ముల విషయం వేరు. రంగుల నెగెటివ్ ఒక స్టాపు ఎక్కువ వెలుగును తేలిగ్గా భరిస్తుంది గనుక సగం అంకె పెట్టుకుని నిశ్చింతగా ఉండేవారే ఎక్కువ, ఇంత పరీక్ష దానికి అక్కరలేదు. స్లైడ్ ఫిల్ములో ఆధారం నీడ కాదు, వెలుగు భాగం. అది ఒకసారి కరిగిపోతే తిరిగి రాదు. అక్కడ మూడో వంతు స్టాపుల తేడాతో అదే దృశ్యాన్ని వరుసగా తీసి, లైట్‌బాక్సు మీద కంటికి నచ్చినదాన్ని ఎంచుకోవడమే పరీక్ష. కోడాక్రోమ్ 64ను 80గా, వెల్వియా 50ని 40గా పెట్టుకున్నవారు అలా చేరినవారే.

ఏ పరీక్షలోనూ మూడో వంతు స్టాపు కంటే సన్నగా వెళ్లడం వృథా. అపెర్చరు క్లిక్కులు, షట్టరు వేగాలు, థర్మామీటరు అన్నింటిలో ఉండే చిన్నచిన్న తప్పులు కలిసి అంతకంటే ఎక్కువే అవుతాయి. 250కా 280కా అని రెండో రోల్ కాల్చడం కంటే, ఇవాళ్టి ధరల్లో ఆ రోల్‌తో ఫోటోలు తీసుకోవడమే నయం.

తేలిన అంకెను ఆ కెమెరాకే రాసిపెట్టుకోవాలి. రెండో కెమెరాకు దాని అంకె వేరే ఉంటుంది. డయల్ లేకుండా డబ్బా మీద స్పీడును తెలిపే డీఎక్స్ గడులను తానే చదువుకునే కెమెరాలో, మీటరు చెప్పినదానికి వెలుగును పెంచే లేదా తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ వాడాలి: 400 బదులు 250 కావాలంటే ప్లస్ మూడింట రెండు వంతులు. డయల్‌ను 250కి తిప్పి, అలవాటుగా కాంపెన్సేషన్‌ను కూడా ప్లస్‌లో ఉంచేస్తే వెలుగు రెండుసార్లు పెరుగుతుంది, ఇది అరుదైన పొరపాటేమీ కాదు. బ్యాటరీ రకం మారినా, షట్టరు మరమ్మతు అయినా, డెవలపరు మారినా, గడువు తీరిన ఫిల్ము చేతికొచ్చినా పాత అంకెను పక్కనపెట్టి, రోల్ చివరి ఆరు ఫ్రేములను మళ్లీ ఆ వరండా గోడకు కేటాయించాలి.